అరోరా ఇంటికప్పు మీద మా ఊరి వాలు

అమెరికా వెళ్ళొచ్చానని తెలిసి మా వీధి ఆడవాళ్ళంతా సాయంత్రం పూట మా మేడమీదికి చేరారు. నయాగరా చూశావా అన్నారు. లేదు. చేతిలో కాగడా పట్టుకున్న ఆ పెద్ద విగ్రహం? అదీ లేదు. "మరి అంతదూరం పోయి ఏం చూసొచ్చినావక్కా?" అని పక్కింటి రమాదేవి మొహమ్మీదే అడిగేసింది. దాని నోటికి తాళం లేదు. ఒక ఇంటికప్పు చూసొచ్చాను అన్నాను. అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేదు.

ఆరోజు వాళ్ళకి చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఎందుకు మార్చానో చదివాక మీకే తెలుస్తుంది.

మా ఆయనా నేనూ అనంతపురంలో సోలార్ హీటర్ల షాపు నడుపుతున్నాం. మేడమీద నల్ల ప్యానెళ్ళు పెట్టి, ఎండతో నీళ్ళు కాచి, పైపులో స్నానాలగదికి పంపే పని. మా ఊళ్ళో దేనికి కరువున్నా ఎండకి లేదు. మా ఆయన షాపులో కూర్చుంటే మేడలెక్కి చూసేది నేనే. మొదట్లో కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కుతుంటే వీధంతా చోద్యం చూసేది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నా నేను మాత్రం మానలేదు.

మా చెల్లెలు సరళ, దాని మొగుడు ప్రభాకర్ షికాగో పక్కన అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళు. ప్రభాకర్ సాఫ్ట్‌వేర్ మనిషి. సెలవుల్లో మా ఊరొస్తే మాత్రం ఒక్కచోట కాలు నిలిచేది కాదు. మా పనివాళ్ళతో పాటు మేడలెక్కి పైపులు బిగించేవాడు. "వదినా, నేనూ మా ఇంటిమీద ఒకటి కడతా" అంటుంటే, కట్టావులే పెద్ద మేస్త్రీవి అని ఆటపట్టించేదాన్ని. నిజంగానే కట్టాడు. రెండో చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, ప్యానెళ్ళ మీద పేరుకున్న మంచు తొయ్యడానికి ఎక్కి, కాలుజారి కింద సిమెంటు గచ్చు మీద పడ్డాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

సరళ ఫోన్లో ఏడ్చే రకం కాదు. నెలా రెండు నెలలైన తర్వాత ఒకరోజు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అంది: "అక్కా, ఆ పొద్దున తలంటుకుందామని షవర్ తిప్పితే నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎందుకొచ్చిన పీడ ఇది, ఊరందరికీ సరిపోయే గ్యాస్ హీటర్ మనకి సరిపోదా అని అరిచాను. ఆయన మాట్లాడకుండా బూట్లేసుకుని పోయి ఎక్కాడు. నువ్వొచ్చి పైకెక్కి చూడవే. ఆయన కట్టింది సరిగ్గా ఉంటే, ఆయన్ని చంపింది నా నోరే. సరిగ్గా లేకపోతే ఆ మాటైనా చెప్పు. ఇల్లు అమ్మేశాను. కొన్నవాళ్ళు అది పీకించెయ్యమంటున్నారు. పీకేలోపు రా."

ఏ జవాబు చెప్పినా దానికి సుఖం లేదు. అది తెలిసే, రెండువేల పదకొండు ఏప్రిల్‌లో బయల్దేరాను.

షికాగో

దిగగానే నా తెలివి బయటపెట్టుకున్నాను. గాజుగదిలో కూర్చున్న ఆఫీసరు, చిన్నవాడే, ఎందుకొచ్చావని అడిగాడు. చెల్లెల్ని చూడ్డానికి అనొచ్చు కదా. ఉన్నదున్నట్టు చెప్పే రోగం నాది. "మా చెల్లెలింటి కప్పు మీద సోలార్ హీటర్ చూడాలి" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. అతని కనుబొమ్మలు పైకి లేచాయి. నువ్వు హీటర్ల పని చేస్తావా అన్నాడు. అవునన్నాను గర్వంగా. అయితే ఇక్కడికి పనికొచ్చావా, నీకు జీతం ఎవరిస్తారు అని మొదలుపెట్టాడు. వెనక వరసలో జనం మూలుగుతున్నారు.

"బాబూ, కట్టినవాడు దాని మీంచి పడి పోయాడు. నేను పని చెయ్యను, ఊరికే చూస్తాను" అన్నాను. ఆ పిల్లవాడు కాసేపు నా మొహం చూసి, ముద్ర వేసి, సారీ మేడమ్ అన్నాడు. వాళ్ళ దేశంలో నా మరిది పోయినందుకు మొదట సారీ చెప్పింది అతనే. తర్వాత చాలామంది చెప్పారు. అక్కడ దారిన పోయేవాళ్ళు కూడా చెప్తారు. మన దగ్గర అయితే ఎలా పోయాడు, ఇన్సూరెన్సు ఉందా అని అడుగుతారు.

సరళ ఒక్కతే వచ్చింది. చిక్కిపోయి ఉంది. జుట్టు తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది. ఏప్రిల్ అయినా ఆకాశం బూడిద రంగులో ఉంది. చెట్లకి ఆకు లేదు. ముసురు.

అరోరా

అరోరాలో నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, అక్కడ ఎవరూ ఇంటి పైకెక్కరు. వీధంతా వెతికినా కప్పు మీదికి మెట్లున్న ఇల్లు కనబడదు. వాళ్ళకి కప్పుంది గాని మేడ లేదు. మనం మేడమీద వడియాలు పెడతాం, మిరపకాయలు ఎండేస్తాం, ఎండాకాలం పడుకుంటాం, వదినా మరదళ్ళం చేరి ఊళ్ళోవాళ్ళని ఆడిపోసుకుంటాం. వాళ్ళ కప్పు వానకీ మంచుకీ మాత్రమే. దాని మీద మనిషి కనబడితే ఏదో పాడైందని అర్థం. ప్రభాకర్ ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళ మధ్య తిరిగి, మా మేడ కోసం మొహం వాచిపోయి ఉంటాడు. లేకపోతే సాఫ్ట్‌వేర్ చేసుకునేవాడికి ఇదంతా ఎందుకు?

ఆ సాయంత్రం సరళ నన్ను గుడికి తీసుకెళ్ళింది. అక్కడ గుడి కింద అంతస్తులో క్యాంటీన్ ఉంటుంది. దర్శనం అయ్యాక అందరూ అక్కడే చేరతారు, కొందరు దర్శనానికి ముందే చేరతారు. కాగితం పళ్ళెంలో మసాలా దోసె, ఐదు డాలర్లు. చట్నీలో కారం లేదు. ఆ దోవలోనే మన సరుకుల దుకాణంలో కరివేపాకు కూడా కొన్నాం. నాలుగు రెబ్బలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి డాలరుకి పైగా ధర చీటీ అంటించాడు. మా ఊళ్ళో కూరగాయల పుల్లమ్మ దాన్ని ఊరికే పడేస్తుంది, వెయ్యకపోతే నేను పోట్లాడతాను.

దోసె తింటుంటే పట్టుచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. సరళ నీళ్ళకి లేచిందనుకుంది కాబోలు, అది మా వెనకే నిలబడి ఉంది. "మీరు సరళగారి అక్కయ్యా? పాపం అండీ. గ్యాస్ బిల్ నెలకి ఎంతొస్తుంది చెప్పండి? దానికోసం స్నోలో రూఫ్ ఎక్కడమేంటి, అంత చదువుకుని! మావారు అప్పుడే అన్నారు, ఇది ఫూలిష్ అని" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మా, ఆయన బిల్లు కోసం ఎక్కలేదు. మీవారు ఇప్పుడేమంటున్నారు, సంతోషంగా ఉన్నారా?" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుని లేచిపోయింది. సరళ వచ్చి కూర్చుని, దోసె చివరిదాకా తినేసింది. "అందరూ అనేది అదే అక్కా" అంది. "ఫూల్ అంటారు. నువ్వు రేపు చూసి చెప్పు."

నిచ్చెన మీద

పొద్దున్నే ఎదురింటి వాల్టర్ వచ్చాడు. డెబ్భై దాటిన తెల్లాయన. ఆరోజు ప్రభాకర్ పడడం చూసి పరుగెత్తుకొచ్చింది ఈయనే. ఆడమనిషి ఎక్కుతుందంటే మొదట వద్దన్నాడు. నేను వినే రకం కాదని తెలిశాక, నిచ్చెన అడుగున రెండు కాళ్ళూ పాతుకున్నట్టు నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇంటి వెనక వంటగది మీద కప్పు చదునుగా ఉంటుంది. దాని మీద పెట్టాడు ప్యానెళ్ళు. నేను చివరి మెట్టు మీద ఉండగానే చూశాను. తప్పు అక్కడే కనబడింది.

ఇక్కడ మా పని గురించి ఒక్కముక్క చెప్పాలి. మా ఊళ్ళో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందుకని ప్యానెల్‌ని వెనకవైపు కొంచెమే లేపి, ఇంచుమించు పడుకోబెట్టినట్టు పెడతాం. ఇంటింటికీ కొలవం. మా పెద్దమేస్త్రీ మస్తాన్ ఎప్పుడో టేకుచెక్కని ముక్కోణంగా కోసి పెట్టాడు. దాన్ని స్టాండుకి ఆనిస్తే వాలు సరిపోయిందా లేదా తెలిసిపోతుంది. వాలుచెక్క అంటాం. మా జిల్లా అంతటికీ అదే చెక్క. అరోరా వేరే. చలికాలం అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఎదురింటి మీంచి తొంగిచూస్తాడే గాని పైకి రాడు. అక్కడ ప్యానెల్‌ని బాగా లేపి నిలబెట్టాలి. నిలబెడితే ఎండా ఎదురుగా తగులుతుంది, పడ్డ మంచూ దానంతటదే జారిపోతుంది.

ప్రభాకర్ పడుకోబెట్టాడు. అచ్చంగా మా ఊరి వాలు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న వాలు, నాకు కొలవక్కర్లేదు. ఎండాకాలం వాళ్ళ సూర్యుడూ మన సూర్యుడిలాగే పైకొస్తాడు కాబట్టి, కట్టిన కొత్తలో నీళ్ళు సలసలా కాగి ఉంటాయి. అనుమానం రావడానికి సందే లేదు. మంచు పడడం మొదలయ్యాక అది వచ్చి అక్కడే కూర్చుంది. ఇతను ఎక్కి తోస్తూ వచ్చాడు.

మిగతా పనంతా చూశాను. పైపులకి దళసరి తొడుగులు, ప్రతి అతుకూ శుభ్రంగా, గడ్డకట్టకుండా నీళ్ళలో కలిపే మందు కూడా మర్చిపోలేదు. చలిదేశం కదా, గడ్డకడుతుంది జాగ్రత్త అని అందరూ చెప్పారు, విన్నాడు. వాలు గురించి చెప్పినవాళ్ళు లేరు. ఎంత ఇష్టంగా కట్టుకున్నాడో! ఒక మూల పాత తువ్వాలు చుట్టిన చీపురు ఇంకా పడి ఉంది. అద్దం గీసుకుపోకుండా దానికి తువ్వాలు చుట్టాడు. అక్కడే చతికిలబడి ఏడ్చాను. ఒరే వెర్రినాయనా, ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదరా అనుకున్నాను.

"ఎట్లుంది అక్కా?" అని కిందినుంచి సరళ అరిచింది.

"పైపులు బ్రహ్మాండంగా బిగించాడే" అన్నాను. అది నిజమే.

"నేనడిగింది అది కాదు."

"దిగనీ తల్లీ, చెప్తా" అన్నాను.

దిగాక నా చెయ్యి పట్టుకుని వాల్టర్ మెల్లిగా చెప్పాడు. మంచు పడ్డ ప్రతిసారీ, తెల్లారకముందే, ప్రభాకర్ పైన కనిపించేవాడట. వదిలెయ్యవయ్యా, కరిగాక అదే పోతుంది అని ఎన్నిసార్లు చెప్పినా నవ్వి చెయ్యి ఊపేవాడట. అంత సులువైన ఇంగ్లీషు నాకూ అర్థమైంది.

సుత్తులూ స్క్రూలూ సర్దుదామని గరాజ్‌లోకి పోతే, గోడకి మేకు మీద వాలుచెక్క వేలాడుతోంది. మస్తాన్ చేతి పని, అంచున మా షాపు పసుపు రంగు. పోయినసారి ప్రభాకర్ వచ్చినప్పుడు మస్తాన్ గుర్తుగా ఇచ్చాడు. ప్రభాకర్ దాన్ని గాజుసామానులా బట్టల్లో చుట్టుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. సరళ రాకముందే తీసి, నా పెట్టెలో చీరల అడుక్కి తోశాను.

మర్నాడు మనుషులొచ్చి ప్యానెళ్ళు పీకి లారీలో వేసుకుపోయారు. అరపూట పని. సరళ కిటికీ దగ్గర నిలబడి చూసింది. చెప్పవే అంది. దార్లో చెప్తాలే అన్నాను.

నది దగ్గర

దాని కూతురు నీహారిక ఆర్కన్సాలో బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. సరళ ఇక అక్కడే ఉంటుంది. ఇద్దరం కార్లో బయల్దేరాం. డ్రైవింగ్ అంతా సరళదే. నా పని దానికి నిద్ర రాకుండా మాట్లాడడం. ఆ పనీ సరిగ్గా చెయ్యలేకపోయాను.

ఇలినాయ్ అంతా చదును. దున్నిన నల్లనేల ఆకాశం దాకా పోతుంది. మనిషి జాడ లేదు. మన దగ్గర అంత పొలం ఉంటే గట్టుమీద నలుగురు కూర్చుని బీడీ తాగుతూ ఉంటారు. పెట్రోలు బంకు దగ్గర కాఫీ అడిగితే చెంబెడు ఇచ్చారు. చెంబెడూ చేదే.

సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నది ఒడ్డున ఆగాం. నీళ్ళు ఎర్రగా, ఉరవడిగా, చెట్లని మోసుకుపోతున్నాయి. చలిగాలి. బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. నేను చేసిందే, కానీ రాత్రి ఫ్రిజ్‌లో పెట్టడంతో మెతుకులు రాళ్ళయ్యాయి. పక్క బెంచీ మీద చేపలు పడుతున్న నల్లాయన ఆ పచ్చరంగు చూసి ఏమిటని అడిగాడు. పెట్టాను. రెండు ముద్దలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మిరపకాయ కొరికాడు మరి. అయినా బాగుందన్నాడు. సరళ నవ్వింది. నేను వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

ఆయన అటు తిరగగానే మళ్ళీ మొదలుపెట్టింది. "అక్కా, దారి వచ్చింది. చెప్పు."

"ముందు తిను" అన్నాను.

"నీ మొహం చూస్తే తెలుస్తోంది. సరిగ్గానే కట్టాడు కదా? నాదే కదా తప్పు?"

ఔనంటే జీవితాంతం తనని తాను తిట్టుకుంటుంది. కాదంటే గుడిలో పట్టుచీర ఆవిడ మాటే నిజమవుతుంది, దాని మొగుడు ఫూల్ అవుతాడు. నేను చెప్పే మాటతో దానికి ఏదో ఒకటి పోతుంది. "గాలి చంపేస్తోందే, కార్లోకి పోదాం పద" అని లేచాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మిస్సోరి కొండల్లో మోటెల్

సాయంత్రానికి కొండల్లో ఒక పాత మోటెల్లో దిగాం. నేను స్నానానికి పోయాను. ఆ దేశంలో ఒక్కో స్నానాలగదికి ఒక్కో రకం తిప్పుడు. ఒకటి లాగాలి, ఒకటి నొక్కాలి. అటు తిప్పాను, ఇటు తిప్పాను, మంచునీళ్ళే. జీవితమంతా వేడినీళ్ళు అమ్మినదాన్ని, చెంబెడు వేడినీళ్ళు రాబట్టుకోలేక వణుకుతూ నిలబడ్డాను. సరళ వచ్చి ప్రయత్నించింది, దానికీ రాలేదు. చివరికి చీర చుట్టుకుని కూర్చుంటే, అది పోయి యజమానురాల్ని పిలుచుకొచ్చింది.

పేరు డోరిస్. ముసలావిడ, మొగవాళ్ళ చొక్కా వేసుకుంది. ఆ కొళాయి పిడిని లోపలికి నొక్కి మరీ తిప్పగానే పొగలు కక్కే నీళ్ళొచ్చాయి. ఏదో గొప్పగా చెప్పింది. ఆ కొండల యాస నాకు ఒక్కముక్క అర్థం కాలేదు. సరళ తెలుగులో చెప్పింది: "వీళ్ళాయన పాతకాలంలో కప్పు మీద ప్యానెళ్ళు కట్టాడట, ఎండతో కాగే నీళ్ళట. ఇప్పుడు సగమే పనిచేస్తాయట. చూస్తారా అంటోంది."

చూడనంటే బాగుండేది. ఇంకా వెలుగుంది. పెరట్లోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. కప్పు మీద వరసగా పాత ప్యానెళ్ళు, దాదాపు గోడలా నిటారుగా నిలబడి ఉన్నాయి. అద్దాలు మసకబారినా కట్టుబడి గట్టిగా ఉంది. పని చూస్తే నాకు ఒళ్ళు తెలియదు. అలవాటుకొద్దీ నోరుజారి అడిగేశాను: "మంచు పడితే ఎట్లా?"

సరళ ఆవిడకి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వి, చెయ్యి పైనుంచి కిందికి జార్చి చూపిస్తూ ఏదో అంది. సరళ నా వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది. "మంచు అసలు నిలవదట. దానంతటదే జారి పడిపోతుందట. వీళ్ళెప్పుడూ పైకి ఎక్కాల్సిన..."

అక్కడ ఆగిపోయింది. ప్యానెళ్ళ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నాలిక కరుచుకున్నాను, కానీ అప్పటికే అయిపోయింది. డోరిస్‌కి ఏదో తేడాగా అనిపించిందేమో, టవళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

"మనది ఇలా నిటారుగా లేదు" అంది సరళ.

"లేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిచ్చెన మీద ఉండగానే."

"అందుకా ఆ చెక్కముక్క నీ పెట్టెలో దాచావు? సూట్‌కేస్ మూత పడక చీరలు సర్దినప్పుడు చూశాను. నీకు గుర్తుగా తీసుకున్నావేమో అనుకున్నా."

ఇక దాచేదేముంది. చెప్పేశాను. మా ఊరి సూర్యుడూ, వాళ్ళ సూర్యుడూ, వాలూ, అంతా. "చూడు సరళా, ఇది నీ నోటివల్ల కాదే. మంచు పడ్డ ప్రతిసారీ ఎక్కేవాడని వాల్టర్ చెప్పాడు. నువ్వు ఆ పొద్దున నోరు మూసుకున్నా ఎక్కేవాడే. ఎప్పుడో ఒకనాడు జారేవాడే. నువ్వు అరవడం వల్ల పోలేదు" అన్నాను. దాని నెత్తిమీద బరువు దించుతున్నాననే అనుకున్నాను.

సరళ మొహం ఎర్రబడింది. "అంటే మా ఆయన ఫూల్ అంటావు. ఆవిడలాగే."

"అట్లా అనలేదే..."

"మంచు పడ్డ ప్రతిసారీ ఎక్కేవాడు, నాకు తెలీదా? నేను లేచేలోపు ఎక్కి దిగేవాడు. ఆ ఆదివారం లేవలేదు. జలుబు చేసి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఈరోజు ఎక్కను అన్నాడు. నేను అరిచాకే లేచాడు. అక్కా, ఇరవై ఏళ్ళ పైన కాపురం చేశాం. కొళాయి కారుతోందన్నా, బల్బు పోయిందన్నా, చూద్దాంలే అనేవాడు. ఏ పనీ నేను చెప్పగానే చేసింది లేదు. ఆ ఒక్క పొద్దున నేను నోరు తెరవగానే లేచాడు. నాకు తలంటుకి వేడినీళ్ళు కావాలని ఎక్కాడు. ఆయన ఆఖరిగా చేసింది నాకోసం చేశాడు. అది కూడా చెక్కముక్క వల్ల అని నువ్వంటే నాకింకేం మిగుల్తుంది?"

"మరి ఆ పాపం ఎన్నాళ్ళు మోస్తావే?"

"మోస్తాను. నాదే కదా" అంది.

డోరిస్ టవళ్ళు తెచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, వాటిని సరళ చేతిలో పెట్టి పోయింది. ఆ సాయంత్రం సరళ తలంటుకుంది. గదిలోకి పొగలు వచ్చాయి. చాలాసేపు లోపలే ఉంది. నీళ్ళ చప్పుడు ఆగేదాకా నేను మంచం అంచున కూర్చున్నాను.

బెంటన్‌విల్

బెంటన్‌విల్ చిన్న ఊరు. ఊరంతా ఒకే పెద్ద దుకాణాల కంపెనీ చుట్టూ తిరుగుతుంది. అపార్టుమెంట్ల ముందు సాయంత్రం చూస్తే మన పిల్లలే, మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని, ప్రాజెక్ట్ ఎప్పటిదాకా ఉంటుందో అని మాట్లాడుకుంటూ కనిపిస్తారు. పాలు కావాలన్నా కారు తియ్యాల్సిందే. నీహారిక మా కోసం పప్పు చేసింది. ఉప్పు మరిచిపోయింది. వేసుకుని తిన్నాం.

తింటూ తింటూ ఆ పిల్ల నావైపు తిరిగింది. ఆ దేశంలోనే పుట్టింది కదా, తెలుగు మాట్లాడుతుంది గాని మాటలు నున్నగా జారిపోతాయి. "పెద్దమ్మా, నువ్వు రూఫ్ ఎక్కావా? డాడ్ అది కరెక్ట్‌గా బిల్డ్ చేసాడా? మామ్‌ని అడిగితే టెల్ చెయ్యదు. అందరూ స్టుపిడ్ అని అంటారు. నాకు తెలియాలి."

నేను నోరు తెరిచేలోపే సరళ అందుకుంది. "కరెక్ట్‌గానే కట్టాడు. పెద్దమ్మ స్వయంగా పైకెక్కి చూసింది. ఆమెకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? నేనే ఆరోజు తొందరపెట్టాను." ఆ మాట అంటూ నావైపు చూడలేదు. అన్నంలో చెయ్యి కలుపుతూ ఉంది.

నీహారిక నావైపు చూసింది, కళ్ళనిండా నీళ్ళు. "రియల్లీ, పెద్దమ్మా?"

"అవునమ్మా. మీ నాన్న పని చూస్తే నాకు గర్వమేసింది" అన్నాను. పైపుల మాటకొస్తే అది అబద్ధం కాదు. ఆ పిల్ల లేచొచ్చి నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సరళ ఇంకో గరిటె పప్పు వేసుకుంది.

మళ్ళీ అనంతపురం

మా ఊళ్ళో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని షాపుకి పోయాను. మస్తాన్ ఎదురొచ్చాడు. ప్రభాకర్ పోయాడని తెలిసినప్పుడు రెండురోజులు అన్నం ముట్టలేదు ఆ మనిషి. మంచినీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడి అడిగాడు.

"అమ్మా, నేనిచ్చిన చెక్క సారు వాడినాడా? లేకుంటే ఊరికే గోడకి తగిలించుకున్నాడా?"

మా ఆయన కూడా తలెత్తి చూశాడు. ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు.

"వాడినాడు మస్తానూ" అన్నాను. "ఎండాకాలమంతా కాగేనీళ్ళే అంట."

మస్తాన్ మొహం విప్పారింది. "నేను చెప్పలే? మన చెక్క యాడికి పోయినా లెక్క తప్పదమ్మా" అని, లోపలున్న కుర్రాళ్ళకి చెప్పడానికి పోయాడు. లోపల్నించి అతని గొంతు గట్టిగా వినబడుతోంది, అమెరికాలో సారు ఇంటిమీద మన వాలే అని చెప్తున్నాడు. నేను అక్కడ కూర్చోలేకపోయాను. ఇంటికొచ్చి పెట్టె తెరిచి, చెక్కని బీరువాలో పాత చీరల కింద పెట్టి తాళం వేశాను.